గడియారం చేసినవాడి కళ్ళు, తాజ్ కట్టినవాడి చేతులు

మహిమలకి రుజువు అడిగే మనం, చరిత్ర పేరుతో చెప్పే కథలకి రుజువు ఎందుకు అడగం? ఈ ప్రశ్న నాకు ఏ పుస్తకం చదివితేనో రాలేదు. ప్రేగ్ నగరంలో ఒక గడియారం కింద నిలబడి, నలుగురు స్నేహితుల ముందు నోరు మూసుకోవలసి వచ్చినప్పుడు పుట్టింది. ఆ సంగతి చెప్పి, తర్వాత నా అభిప్రాయం చెప్తాను.

నేను జర్మనీలోని డ్రెస్డెన్ లో చదువుకుంటున్నాను. అక్కడి నుంచి చెక్ రాజధాని ప్రేగ్ కి సుమారు నూట యాభై కిలోమీటర్లు, బస్సులో రెండు గంటల ప్రయాణం. పరీక్షలు అయిపోయాక ఒక శని, ఆదివారాలు చూసుకుని ఐదుగురం బయల్దేరాం. నాతో పాటు ఇంకో ఇద్దరు తెలుగువాళ్ళు. ఒకరిది సిరిసిల్ల, మా అందరికంటే పెద్ద కాబట్టి అన్నా అని పిలుస్తాం. ఇంకొకడు మా గుంటూరువాడే. మిగతా ఇద్దరిలో ఒక అమ్మాయిది ఢాకా, ఒక కుర్రాడిది లాహోర్. మన దగ్గరైతే ఈ ఐదుగురం ఒక బస్సు ఎక్కాలంటే మూడు దేశాల వీసాలు కావాలి. పరాయి దేశంలో ఒకే గదిలో వండుకుని తింటున్నాం.

ఇంటర్ చదివే రోజుల నుంచీ నేను మా ఊరి హేతువాద సంఘంలో సభ్యుణ్ణి. నాలుక మీద కర్పూరం వెలిగించడం, గాలిలోంచి విభూతి తియ్యడం, నిప్పుల మీద నడవడం లాంటివి బళ్ళల్లో చేసి చూపించి, వాటి వెనక ఉన్న కిటుకులు చెప్పేవాళ్ళం. ఆ అలవాటు ఎక్కడికి వెళ్ళినా పోదు. ప్రేగ్ లో మొదటి రోజు పొద్దున్న చార్లెస్ వంతెన మీద నాకు చేతినిండా పని దొరికింది.

ఆ వంతెన మీద వరసగా సాధువుల విగ్రహాలు ఉంటాయి. వాటిల్లో నెపోముక్ జాన్ అనే మతగురువు విగ్రహం అన్నిటికంటే పాతది, 1683లో పెట్టారు. 1393లో రాజు ఆజ్ఞ మీద ఆయన్ని ఆ వంతెన మీద నుంచి నదిలోకి తోయించారు. విగ్రహం కింద ఉన్న కంచు ఫలకాన్ని ముట్టుకుంటే కోరిక తీరుతుందట. లక్షల చేతులు పడి ఆ చోటు బంగారంలా మెరుస్తోంది. మేం వెళ్ళేసరికి పెద్ద లైను. 2021 జనాభా లెక్కల్లో దాదాపు సగం మంది తమకి మతం లేదని రాసుకున్న దేశం ఇది. లైన్లో ఉన్నవాళ్ళు ఎక్కువమంది మాలాంటి యాత్రికులే అనుకోండి.

మా గుంటూరువాడు లైన్లో నిలబడ్డాడు. వీసా కోసం చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక మళ్ళీ వెళ్ళి నూట ఎనిమిది చేసినవాడు. అక్కడే వాడికి క్లాసు పీకాను. నెపోముక్ జాన్ సమాధి తెరిచినప్పుడు ఆయన నాలుక కుళ్ళకుండా దొరికిందని 1700ల మొదట్లో ప్రచారం చేశారనీ, 1729లో ఆయన్ని సెయింటుగా ప్రకటించారనీ, 1973లో శాస్త్రవేత్తలు పరీక్షించి అది నాలుక కాదు, మెదడు కణజాలమని తేల్చారనీ చెప్పాను. వాడు నవ్వేసి, "ముట్టుకుంటే నష్టమేముందిరా" అన్నాడు. మనందరం ఎన్నిసార్లు విన్న మాటో కదా ఇది!

తర్వాత మా గైడు వచ్చింది. గొడుగు పట్టుకుని ఊరంతా తిప్పి, చివర్లో మనకి తోచింది ఇమ్మనే నడక యాత్ర. చదువుకునేవాళ్ళకి అదే గిట్టుబాటు. గలగలా మాట్లాడే అమ్మాయి. వంతెన మీద ఆమె చెప్పిన మొదటి విశేషం మన పంచాంగకర్తలకి తెలిస్తే పండగ చేసుకుంటారు. నాలుగో చార్లెస్ చక్రవర్తి జ్యోతిష్కుల సలహా మీద 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, పొద్దున్న 5 గంటల 31 నిమిషాలకి శంకుస్థాపన చేశాడట. అంకెలన్నీ వరసగా రాస్తే 135797531. ఎటు నుంచి చదివినా ఒకటే. అందుకే వంతెన ఇన్ని వందల ఏళ్ళు నిలబడిందని ముక్తాయింపు.

నేను ఊరుకోలేదు. ఆ రోజుల్లో గడియారాలకి నిమిషాల ముల్లే లేదు కదా, 31వ నిమిషం అని ఎవరు చూశారని అడిగాను. ముహూర్తం అంత గట్టిదైతే 1432 వరదలో స్తంభాలు ఎందుకు దెబ్బతిన్నాయి, 1890 సెప్టెంబరు వరదలో మూడు ఆర్చీలు ఎందుకు కూలాయి అని కూడా అడిగాను. గైడు నవ్వి, అది ఒక పరిశోధకుడి ప్రతిపాదన అని ఒప్పుకుంది. నిజానికి ఆ నిమిషాన్ని రాసిపెట్టిన ఆనాటి పత్రం ఏదీ లేదు. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను కాస్త పొంగిపోయానని దాచుకోకుండా ఒప్పుకుంటున్నాను.

ఆ పొంగు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

పాత ఊరి కూడలిలో పురపాలక భవనం గోడకి ఉన్న ఖగోళ గడియారం ప్రేగ్ కి వచ్చిన ప్రతివాడూ చూసేదే. 1410 నాటిది. డయల్ మధ్యలో భూమి, దాని చుట్టూ సూర్యుడూ చంద్రుడూ తిరుగుతూ ఏ రాశిలో ఉన్నాయో చూపిస్తాయి. కోపర్నికస్ పుస్తకం రావడానికి ఇంకా 133 ఏళ్ళు ఉంది కాబట్టి భూమిని మధ్యలో పెట్టడం ఆ కాలానికి సహజమే. గంట అవ్వగానే ఎముకల గూడు బొమ్మ గంట కొడుతుంది, పైన కిటికీలు తెరుచుకుని క్రీస్తు శిష్యుల బొమ్మలు ఒకటొకటిగా కనబడి వెళ్తాయి, చివర్లో కోడి కూస్తుంది. కింద వందలమంది తలలెత్తి, ఫోన్లెత్తి నిలబడతారు.

గైడు గొంతు తగ్గించి చెప్పింది. ఈ గడియారం చేసినవాడు హనుష్ అనే పనివాడు. ఇలాంటిది ఇంకో ఊరికి చేసి పెడతాడేమోనని నగర పెద్దలు రాత్రిపూట మనుషుల్ని పంపి కాల్చిన ఇనపకడ్డీతో అతని కళ్ళు పొడిపించారు. గుడ్డివాడైన హనుష్ చివరికి గడియారం లోపలికి చెయ్యి పెట్టి యంత్రాన్ని పాడుచేశాడు. తర్వాత చాలా ఏళ్ళు దాన్ని ఎవరూ బాగు చెయ్యలేకపోయారు.

మా అందరికీ ఒళ్ళు జలదరించింది. నేను వెంటనే, "మా తాజ్ మహల్ సంగతీ ఇంతే. కట్టిన పనివాళ్ళ చేతులు నరికించాడు షాజహాన్, ఇంకోటి కట్టకూడదని" అన్నాను. ఢాకా అమ్మాయి అందుకుంది. "మా మస్లిన్ నేతగాళ్ళ బొటనవేళ్ళు ఇంగ్లీషువాళ్ళు నరికించారు" అంది. గుంటూరువాడు ఇంకో అడుగు ముందుకి వేసి, అగ్గిపెట్టెలో పట్టే చీర నేసినందుకు మన తెలుగు నేతవాళ్ళ వేళ్ళు కూడా నరికారన్నాడు. గైడుకి భలే సంతోషం కలిగింది. రేపటి నుంచి ఈ కథలు కూడా చెప్తానంది.

అప్పుడు లాహోర్ కుర్రాడు నా వైపు తిరిగి మెల్లిగా అడిగాడు. "పొద్దున్న ఆవిణ్ణి రుజువు అడిగావు కదా. చేతులు నరికించాడనడానికి నీ దగ్గరున్న రుజువేమిటి?"

నా దగ్గర ఏమీ లేదు. చిన్నప్పుడు ఆగ్రా వెళ్ళినప్పుడు అక్కడి గైడు చెప్పాడు. మా సోషల్ మాస్టారు చెప్పారు. మా సంఘం మీటింగుల్లో కూడా, రాజుల దుర్మార్గానికి ఉదాహరణగా, నేనే రెండు మూడు సార్లు చెప్పాను. నాలుక కథ మీద పరీక్ష ఫలితాలు కంఠతా వచ్చిన నేను, చేతుల కథ మీద ఒక్క ప్రశ్న కూడా వేసుకోలేదు.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని ఐదుగురం వెతకడం మొదలుపెట్టాం. ఒక్కో కథనీ విడదీసి చూద్దాం.

ముందు హనుష్ కథ. ఈ గడియారం గురించి 1410 అక్టోబరు 9 నాటి పత్రం ఒకటి ఉంది. అందులో దీన్ని చేసినవాడు కడాన్ ఊరి మికులాష్ అనే గడియారాల పనివాడని రాసి, అతని పనితనాన్ని మెచ్చుకున్నారు. లెక్కల పని ప్రేగ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు యాన్ షిండెల్ చేసి ఉంటాడని పరిశోధకులు అంటారు. హనుష్ అనేవాడు ఉన్నాడు, కానీ అతను 1490 ప్రాంతంలో ఈ గడియారం మీద పనిచేసినవాడు. 16వ శతాబ్దంలో దాని బాగోగులు చూసిన ఒకాయన పొరపాటుగా హనుషే చేశాడని రాశాడు. ఆ పేరు చుట్టూ కథ అల్లుకుంది. 1894లో అలోయిస్ యిరాసెక్ తన పాత చెక్ గాథల పుస్తకంలో చేర్చాక అది ఇంటింటి కథ అయింది. అసలు పనివాడి పేరు 1960లలో గాని సరిదిద్దబడలేదు. అంటే, కళ్ళు పొడిచిన సంగతి జరగలేదు సరికదా, కథ వల్ల నిజంగా పనిచేసినవాడి పేరే కొన్ని వందల ఏళ్ళు తుడిచిపెట్టుకుపోయింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మికులాష్ పేరుని నిలబెట్టిన చరిత్రకారుడు జ్డెనెక్ హోర్‌స్కీ. పొద్దున్న నేను వెక్కిరించిన 135797531 ముహూర్తాన్ని ప్రతిపాదించినది కూడా ఆయనే. మనిషి ఒకడే. ఒక మాటకి పత్రం ఉంది, ఇంకో మాటకి ఊహ ఉంది. చెప్పినవాణ్ణి బట్టి కాకుండా చెప్పినదానికి ఉన్న ఆధారాన్ని బట్టి తూచాలని మనం సభల్లో ఎప్పుడూ అంటాం. ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇక తాజ్ మహల్. ముంతాజ్ 1631లో చనిపోయింది. మరుసటి ఏడు పని మొదలైంది. సమాధి భవనం 1643 నాటికి, చుట్టూ ఉన్నవన్నీ 1653 నాటికి పూర్తయ్యాయని అంటారు. ఆ భవనం గోడల మీద ఖురాన్ వాక్యాలు రాసిన అమానత్ ఖాన్ తన పేరు, తేదీ గోడ మీదే రాసుకున్నాడు. తర్వాత అతను పంజాబులో, ఇప్పటి తరన్ తారన్ జిల్లాలో, ఒక సరాయి కట్టించాడు. దాని మీద కూడా అక్షరాలు ఉన్నాయి. ప్రధాన వాస్తుశిల్పిగా చెప్పే ఉస్తాద్ అహ్మద్ లాహోరీని అతని కొడుకు తన పద్యాల్లో తాజ్ శిల్పిగా పేర్కొన్నాడు. ఈ లాహోరీయే 1639లో మొదలైన ఢిల్లీ ఎర్రకోట పనిలోనూ ఉన్నాడు. 1649లో చనిపోయాడు. ఇది విని మా లాహోర్ కుర్రాడు, "చూశారా, తాజ్ కట్టింది మా ఊరివాడే" అని కాలరెగరేశాడు. ఆ ఒక్క రాత్రికి ఒప్పుకున్నాం.

అసలు కొంచెం ఆలోచించినా ఈ కథ నిలబడదు. షాజహాన్ 1639 నుంచి ఢిల్లీలో కొత్త నగరమే కట్టించాడు. 1650లో అక్కడి జామా మసీదు మొదలైంది. పాలరాయి చెక్కే నేర్పున్న వేలమంది చేతులు నరికించుకుని, తర్వాతి భవనాలు ఎవరితో కట్టించుకుంటాడు? ఆ కాలంలో వచ్చి తాజ్ ని చూసి రాసిన ఫ్రెంచి యాత్రికులు టావెర్నియే, బెర్నియేల పుస్తకాల్లో ఈ ముచ్చట లేదు. వాళ్ళేమీ మొగలులని పొగడడానికి రాసినవాళ్ళు కాదు. పనివాళ్ళకి కూలి సరిగ్గా ఇవ్వరనీ, ప్రభువుల గుమ్మాల్లో కొరడా వేలాడుతూ ఉంటుందనీ బెర్నియే రాశాడు. కొరడా గురించి రాసినవాడు చేతులు నరికిన సంగతి తెలిస్తే వదిలేస్తాడా?

మూడోది మస్లిన్. ఇక్కడ ఆధారం ఒకటి ఉంది, కానీ అది మనం చెప్పుకునే కథ కాదు. ఈస్టిండియా కంపెనీలో పనిచేసి, దానితో గొడవపడి బయటికొచ్చిన విలియం బోల్ట్స్ 1772లో ఒక పుస్తకం రాశాడు. పట్టుదారం చుట్టే పనివాళ్ళని కంపెనీ మనుషులు ఎంత హింస పెట్టారంటే, ఆ పని చెయ్యవలసి రాకుండా కొందరు తమ బొటనవేళ్ళు తామే కోసుకున్న సందర్భాలు ఉన్నాయని అందులో ఉంది. మస్లిన్ కాదు, పట్టు. నేతగాళ్ళు కాదు, దారం చుట్టేవాళ్ళు. తెల్లవాడు నరకలేదు, వాళ్ళే నరుక్కున్నారు. నోటి నుంచి నోటికి మారుతూ అది వేరే కథ అయిపోయింది. మీరే చెప్పండి, ఈ రెంటిలో ఏది ఎక్కువ భయంకరం? నా వేళ్ళు నేనే కోసుకుంటే తప్ప ఈ చాకిరీ తప్పదు అనే స్థితికి మనిషిని తెచ్చారన్నదే నాకు ఎక్కువ ఘోరంగా అనిపిస్తుంది. ఢాకా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా పాఠంలో ఇది ఎందుకు చెప్పలేదు?" అంది.

నాలుగోది మన అగ్గిపెట్టె చీర. సిరిసిల్ల నేతగాళ్ళు అగ్గిపెట్టెలో పట్టే చీరని నిజంగానే నేసి చూపించారు, అది మన కళ్ళ ముందు ఉన్న పనితనం. కానీ వేళ్ళు నరికారని చెప్పేది కంపెనీ రోజుల్లో, 18వ శతాబ్దంలో. గీస్తే వెలిగే అగ్గిపుల్లని ఇంగ్లండులో జాన్ వాకర్ కనిపెట్టిందే 1826లో. పుల్లే లేని కాలంలో పెట్టె ఎక్కడిది? ఒక్క తేదీ పక్కన పెట్టి చూస్తే పడిపోయే కథని నేను ఇరవై ఏళ్ళు మోశాను.

ఈ చర్చ అంతా వింటూ అప్పటిదాకా మాట్లాడనిది సిరిసిల్ల అన్న ఒక్కడే. ఆయనది నేతపని చేసిన ఇల్లు. చివరికి అన్నాడు, "మా తాత ఏళ్ళు ఎవ్వలు నరకలేదు తమ్మీ. పదీ మంచిగనే ఉండె. మగ్గమే బందైంది. అప్పుడు భివండికి పోయి మిల్లుల పనిజేసిండు."

ఈ ఒక్క మాట నాకు ఆ యాత్ర మొత్తానికి సరిపోయింది.

మస్లిన్ ఎందుకు పోయింది? కంపెనీ గుమాస్తాలు బయానా ఇచ్చి కట్టిపడేసి, తాము చెప్పిన ధరకే గుడ్డ తీసుకోవడం వల్ల. కొనే మొగలు దర్బారు పడిపోవడం వల్ల. మన గుడ్డ మీద ఇంగ్లండు వేసిన సుంకాల వల్ల. లాంకషైర్ మరనూలు, మరగుడ్డ చవకగా వచ్చి పడడం వల్ల. ఈ పనులకి కత్తి అక్కర్లేదు. ఖాతా పుస్తకం చాలు. సిరిసిల్లలో ఈ శతాబ్దం మొదట్లో నేత కార్మికులు అప్పులతో, పనిలేక వరసగా ఆత్మహత్యలు చేసుకున్నప్పుడు కూడా ఎవరి చేతిలోనూ కత్తి లేదు. బొటనవేలు కథకి అలవాటుపడిన కళ్ళకి అలాంటి హింస కనబడదు. దుర్మార్గం అంటే రక్తం కారాలి, ఒక దుర్మార్గుడు కనబడాలి అనుకుంటాం. సుంకాల పట్టిక చూపిస్తే ఎవరికీ కోపం రాదు.

తాజ్ విషయంలోనూ అంతే. 1630 నుంచి 1632 దాకా గుజరాత్, దక్కన్ లో ఘోరమైన కరువు వచ్చింది. లెక్కలేనంతమంది చనిపోయారు. ఆ కరువు ముగుస్తున్న రోజుల్లోనే తాజ్ పని మొదలైంది. చక్రవర్తిని నిలదియ్యాలంటే అడగవలసిన ప్రశ్న అక్కడ ఉంది. ఆ పాలరాతికి డబ్బు ఏ రైతుల శిస్తు నుంచి వచ్చింది? కూలి ఎంత ఇచ్చారు? చేతులు నరికిన కథ ఈ ప్రశ్నల్ని మింగేస్తుంది.

ఇలాంటి కథ ఒక్క ప్రేగ్ లోనో, ఆగ్రాలోనో లేదు. మాస్కోలోని సెయింట్ బేసిల్ చర్చి కట్టినవాళ్ళ కళ్ళు ఇవాన్ చక్రవర్తి పొడిపించాడని అక్కడ చెప్తారు. జానపద కథల్లోని అంశాలకి స్టిత్ థామ్సన్ తయారుచేసిన పెద్ద సూచికలో, భవనం కట్టినవాడు ఇంకొకటి కట్టకుండా గుడ్డివాణ్ణి చెయ్యడం అనే అంశానికి విడిగా ఒక చోటే ఉంది. అన్ని చోట్లా అదే కథ, ఊరి పేరు మాత్రం వేరు. అదే కథ పది ఊళ్ళల్లో దొరికినప్పుడు, పది ఊళ్ళల్లోనూ నిజంగా జరిగిందని అనుకోవడం కంటే కథే ఊరూరా తిరిగిందని అనుకోవడం సబబు. పాలరాతి విగ్రహాలు పాలు తాగాయని వార్త వచ్చినప్పుడు మనం వాడిన తర్కమే ఇది. దాన్ని ఇక్కడ వాడలేదు, అంతే.

ఎందుకు వాడలేదు? నాకు తోచిన కారణం చెప్తాను. మహిమ కథ మనకి నచ్చదు, కాబట్టి దాన్ని పరీక్షిస్తాం. దుర్మార్గుడైన రాజు కథ మనకి నచ్చుతుంది. పనివాడి పక్షాన ఉన్నామనే తృప్తి ఇస్తుంది. కాబట్టి పరీక్షించం. మా గుంటూరువాడు కంచు ఫలకాన్ని ముట్టుకోవడానికీ, నేను చేతుల కథని నమ్మడానికీ తేడా ఏమిటి? వాడు కోరిక తీరాలనుకున్నాడు, నేను కోపం తీర్చుకోవాలనుకున్నాను. ఇద్దరం రుజువు అడగలేదు. పైగా వాడు తనకి సంకోచం ఉందని ఒప్పుకున్నాడు. నాకు అదీ లేదు.

కొందరు మిత్రులు అనొచ్చు. "కథే కదా, దాని వల్ల ఎవరికి నష్టం?" చూశారా, వంతెన మీద మా వాడు అన్న మాటే ఇది! నష్టం ఉంది. మికులాష్ పేరు పోవడం ఒక నష్టం. గుమాస్తా ఖాతా మరుగున పడడం ఇంకో నష్టం. మూడో నష్టం ఈనాటిది. తాజ్ చేతుల కథని ఇప్పుడు రాజకీయ వేదికల మీద కూడా వాడుతున్నారు. "వాళ్ళు పనివాళ్ళ చేతులు నరికినవాళ్ళు" అన్నప్పుడు ఆ "వాళ్ళు" అనే మాట 17వ శతాబ్దపు రాజు మీద ఆగదు. ఈరోజు మన పక్కింట్లో ఉన్న మనిషి మీదకి వస్తుంది. అదే చోట తాజ్ అసలు గుడి అనే వాదం కూడా తయారైంది. పి.ఎన్. ఓక్ వేసిన పిటిషన్ ని 2000లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022లో మూసిన గదులు తెరవాలన్న పిటిషన్ ని అలహాబాద్ హైకోర్టు కొట్టేసింది. ఆ వాదం విని నవ్వే హేతువాదులు చేతుల కథని మాత్రం తలూపి వింటారు. రెండూ ఒకే గోడ మీద రాసిన రాతలు. రెండిటికీ పునాది లేదు.

ఇంకో అభ్యంతరం కూడా వస్తుందని తెలుసు. అంటే రాజులు మంచివాళ్ళనీ, తెల్లవాళ్ళు దయామయులనీ అంటావా? అనను. దొంగని పట్టించడానికి దొంగ సాక్ష్యం తెస్తే ఏమవుతుంది? కేసు పోతుంది, దొంగ దర్జాగా బయటికొస్తాడు. మస్లిన్ వేళ్ళ కథ తప్పని ఒకసారి తేలితే, కంపెనీ పాలన మంచిదేనని వాదించేవాళ్ళకి అది వరం. "చూడండి, వీళ్ళు చెప్పేవన్నీ కట్టుకథలే" అంటారు. పీడితుల పక్షాన నిలబడాలనుకునేవాడు మిగతావాళ్ళకంటే ఎక్కువ జాగ్రత్తగా సాక్ష్యం చూసుకోవాలి. బోల్ట్స్ రాసినదాన్ని రాసినట్టు చెప్తే చాలు, దానికి జవాబు ఉండదు.

మహిమ చేసి చూపించినవాడికి లక్ష రూపాయలిస్తానని అబ్రహం కోవూర్ సవాలు విసిరాడు. ఆ సవాలు మనకి గర్వకారణం. కానీ ఆ సవాలు బాబాలకే కాదు, మన నోటికి కూడా వర్తిస్తుంది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని మన రాజ్యాంగంలో 51ఎ(హెచ్) చెప్తోంది, అందరికీ ఆ వాక్యం వినిపిస్తుంటాం. అందులో దేవుడి విషయంలో మాత్రమే అని లేదు.

అందుకని ఇప్పుడు నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఎక్కడికి వెళ్ళినా, గైడు ఏ కథ చెప్పినా నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది మొదట ఎవరు రాశారు, జరిగిన ఎన్నేళ్ళకి రాశారు? ఇదే కథ ఇంకో ఊళ్ళో ఉందా? కథలో ఉన్న వస్తువులు ఆ కాలంలో ఉన్నాయా? ఈ కథ నిజమైతే బాగుండునని నాకెందుకు అనిపిస్తోంది? మొదటి మూడూ ఎవరైనా వేస్తారు. నాలుగోదే కష్టం. అది అవతలివాణ్ణి కాదు, నన్ను అడిగే ప్రశ్న.

ఆదివారం సాయంత్రం తిరుగు బస్సు ఎక్కేముందు మళ్ళీ గడియారం దగ్గరికి వెళ్ళాం. గొడుగు పట్టుకుని మా గైడే ఇంకో గుంపుకి హనుష్ కథ చెప్తోంది. ఆమెని తప్పుపట్టను, ఆమె కూడా పొట్టకూటి కోసం చేస్తోంది, కథ బాగుంటే నాలుగు నాణాలు ఎక్కువ పడతాయి. గుంపు కదిలాక దగ్గరికి వెళ్ళి, నిన్న నేను చెప్పిన తాజ్ కథ తప్పు, దయచేసి అది ఎవరికీ చెప్పొద్దు అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయి, "అయ్యో, అది పొద్దున్నే ఒక గుంపుకి చెప్పేశాను. అందరికీ చాలా నచ్చింది" అంది.

మా సంఘం మీటింగుల్లో నేను ఆ కథ చెప్పినప్పుడు విన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో కొందరు ఇది చదువుతూ ఉండొచ్చు. వాళ్ళకి కూడా అదే చెప్తున్నాను. నేను చెప్పింది తప్పు. మీరు ఇంకెవరికైనా చెప్పి ఉంటే, వాళ్ళకి కూడా చెప్పండి.